సెప్టిక్ ట్యాంకు పుట్టుపూర్వోత్తరములు



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు సంధులును సమాసములును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. నన్ను ఎరిగినవారు నేటి సాయంకాలము నేను ఏ ప్రబంధమును గూర్చియో, ఏ శాసనమును గూర్చియో మాటాడుదునని యెదురుచూచుచుందురు. నేను మాటాడబూనినది మన ఇండ్ల పెరళ్లలో రాతిపలకల క్రింద, ఎవ్వరికిని కనబడకుండ పనిచేయుచుండు సెప్టిక్ ట్యాంకును గూర్చి. భోజనవేళ సమీపించుచుండగా ఇట్టి ప్రస్తావమేల యని ఎవరైన ముక్కు చిట్లించినచో వారిని తప్పుపట్టజాలను. నేనును చాలకాలము అట్లే చిట్లించితిని. అందువలన నా ఇంట ఏమి జరిగినదో మొదట చెప్పి, పిదప చరిత్రలోనికి పోయెదను.

1994వ సంవత్సరమున నేనొక చిన్న ఇల్లు కట్టించుకొంటిని. పడమటి దిక్కున మరుగుదొడ్డి, దాని వెనుక తొట్టి. తాపీమేస్త్రి అనుభవశాలియే. మూతపలకలు పరచిననాడు అతడు చేతులు కడుగుకొని, “పంతులుగారూ, ఒకసారి మూత పెట్టామంటే మళ్లీ మీ మనవలు తీయాల్సిందే” అనెను. ఆ మాట నాకు వేదవాక్యమువలె రుచించినది. పదునొకండేండ్లు ఆ వైపు కన్నెత్తి చూడలేదు. 2005వ సంవత్సరపు వానకాలములో నీరు వెనుకకు ఎగదన్నినది. కబురంపగా ఇద్దరు మనుష్యులు వచ్చిరి. పలక తొలగించిన కొంతసేపటికి వారిలో చిన్నవాడు బకెట్టు పుచ్చుకొని వెదురునిచ్చెన మీద లోపలికి దిగెను. నేను వసారాలో కుర్చీ వేసికొని, ఉత్తరీయము ముక్కున కడ్డము పెట్టుకొని, వార్తాపత్రిక చదువుచుంటిని.

ఇంతలో పైనున్నవాడు కేక వేసెను. అదృష్టవశమున లోపలివాని నడుమునకు తాడు కట్టియుండెను. ఇరుగుపొరుగువారు పరుగెత్తి రాగా నలుగురము కలిసి పైకి లాగితిమి. కన్నులు తేలవేసి, పలుకు లేక పడియుండెను. వేపచెట్టు క్రింద గాలికి పరుండబెట్టగా కొంతసేపటికి తెలివి వచ్చినది. టీ త్రాగి, “కళ్లు తిరిగాయండి, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు” అనెను. మిగిలినదానిని పైనుండియే తోడి, మున్నూరు రూపాయలు పుచ్చుకొని ఇద్దరును వెళ్లిపోయిరి.

ఆ రాత్రి నా పూర్వశిష్యుడొకడు, కళాశాలలో రసాయనశాస్త్రము చెప్పువాడు, ఈ సంగతి విని కొంచెముసేపు మాటాడలేదు. తరువాత, “మాస్టారూ, అతడికి కళ్లు తిరిగింది ఆకలివల్ల కాదు” అని, ఒక కాగితము తీసికొని గంటసేపు బొమ్మలు గీసి చెప్పెను. అప్పటికి నాకు నలుబదియారేండ్లు. అమరకోశము కంఠస్థము, నా పెరటిలోని వస్తువును గూర్చి అక్షరమైనను తెలియదు. ఆనాడు మొదలుపెట్టిన చదువే ఈ ప్రసంగము.

మొదట పేరును విచారింతము. సెప్టిక్ అను మాట మన సప్తశబ్దమునకు చుట్టమై యుండునని, ఏడు అరలు గల తొట్టి కాబోలునని నేను చిరకాలము భ్రమపడితిని. సెప్టెంబరు నెలకును సప్తమునకును గల చుట్టరికము తెలిసినవారు నన్ను క్షమింతురు. ఇది వేరొక మాట. గ్రీకుభాషనుండి వచ్చినది, కుళ్లజేయునది యని దాని యర్థము. మన నిఘంటువులలోని పూతిశబ్దము ఈ యర్థమునకు సమీపమున నున్నది. తొట్టి చేయు పని యంతయు ఆ పేరులోనే యున్నది. అది మలినమును కుళ్లజేయును, మాయము చేయదు. ఈ రెంటికిని గల భేదమును మరచుటవలననే నేను చెప్పబోవు చరిత్రలో సగము నడచినది.

మలినమునకు గుంటలు త్రవ్వుట మనుష్యునికి క్రొత్త కాదు. సింధుతీరమునందలి మొహెంజొదారో పట్టణమున త్రవ్వకములు 1922లో ప్రారంభమైనవి. క్రీస్తునకు పూర్వము సుమారు 2500 ప్రాంతమున కట్టిన ఆ వీథులలో ఇండ్లనుండి వచ్చు మురుగు ఇటుకకాలువలలో పారెడిది. నడుమ నడుమ గుంటలుండెను. మడ్డి ఆ గుంటలలో దిగబడి, పైనీరు ముందునకు సాగెడిది. కాలువలపై మూతగా పరచిన ఇటుకలను, రాళ్లను తీసి లోపల శుభ్రపరచుటకు వీలుండెను. ఎవరు శుభ్రపరచిరో ఆ ఇటుకలు చెప్పవు.

మన శాస్త్రకారులలో మురుగును గూర్చి వ్రాయుటకు వెనుదీయనివాడు కౌటిల్యుడు. మైసూరు ప్రాచ్యపుస్తకభాండాగారమున 1905లో శామశాస్త్రిగారి కంటబడిన తాళపత్రములవలన మనకు దక్కిన అర్థశాస్త్రమున, ఇంటి పెంటగుంట, నీటికాలువ, నుయ్యి ఇవి యింటికి తగిన తావుననే యుండవలెనని నియమము గలదు. వీథిలో చెత్త పారవేసినవానికి పణమున ఎనిమిదవ వంతు, బురదనీరు నిలువజేసినవానికి నాలుగవ వంతు, రాజమార్గమునందైనచో అందుకు రెట్టింపు దండన చెప్పబడినది. పెంటగుంటను నూతిని ఒక్క వాక్యమున చేర్చి చెప్పుట నాకు మిక్కిలి నచ్చిన విషయము. ఆ రెంటి నడుమ నెంత దూరముండవలెనో లోకము తెలిసికొనుటకు మాత్రము చాలకాలము పట్టినది. తెలిసికొనుటకైన వెల కూడ ఎక్కువ. అందుకై మనము లండను నగరమునకు పోవలెను.

1854వ సంవత్సరము ఆగస్టు కడపట, లండనులోని సోహో పేటలో బ్రాడ్ స్ట్రీట్ అను వీథియందు వాంతిభేది పుట్టినది. ఆ కాలమున నగరమునందలి ఇండ్లక్రింద లెక్కకు మిక్కిలిగా మలపు గుంటలుండెడివి. చెడుగాలి వాసన చూచుటవలననే ఈ వ్యాధి కలుగునని వైద్యులు నమ్మిన దినములవి. జాన్ స్నో అను వైద్యుడు మాత్రము చచ్చినవారి ఇండ్లను గూర్చి విచారించుకొనుచు పోయి, ఆ వీథిలోని చేతిపంపు నీటిని అనుమానించెను. ఆ నీరు రుచికరమని పేరుపొందినది. దూరమున హాంప్‌స్టెడ్డున కాపురముండిన యొక విధవరాలు పాత అలవాటు చొప్పున ఆ నీటినే తెప్పించుకొని త్రాగి, వ్యాధి లేని తన పేటలో మరణించినది. స్నో మాట విని సెప్టెంబరు 8వ తేదీన పంపు పిడిని ఊడదీసిరి. మొత్తము మీద ఆరువందలకు పైగా జనులు చనిపోయిరి.

కథ ఇక్కడితో నిలువలేదు. ఆ పేట చర్చిలో పనిచేయుచుండిన హెన్రీ వైట్‌హెడ్ అను యువక పురోహితుడు స్నో వాదమును ఖండింపవలెనని ఇల్లిల్లు తిరిగెను. ఖండింపబోయినవాడే సాక్షి యయ్యెను. నలువదవ నంబరు ఇంటిలో ఒక పసిపాపకు అందరికంటె ముందు భేదులు పట్టినట్లును, తల్లి ఆ గుడ్డలు ఉతికిన నీటిని ఇంటి ముందరి గుంటలో పోసినట్లును ఆయనకు తెలిసినది. గుంటను త్రవ్వి చూడగా ఇటుకలు సడలి, మురుగు నేలలోనికి కారుచుండెను. ఆ గుంటకును పంపు నూతికిని నడుమ ఒక గజమైనను లేదు. ఆ తల్లి చేసిన తప్పు ఏమున్నది? గుంటలో పోసినది గుంటలోనే యుండునని అందరివలె ఆమెయు నమ్మినది.

ఇంచుమించు అదే కాలమున, 1860 ప్రాంతమున, ఫ్రాన్సుదేశపు తూర్పుదిక్కున వెసూల్ అను చిన్న పట్టణమున జాన్ లూయీ మూరా అనునాతడు ఒక యింటి మలినమునకై రాతితొట్టి యొకటి కట్టించెను. మునుపటి గుంటలకును దీనికిని భేదమేమనగా, ఇది నలుప్రక్కల నీరు కారకుండ మూసినది. లోపలికి వచ్చు గొట్టమును, వెలుపలికి పోవు గొట్టమును రెండును నీటిలో మునిగియుండును గనుక గాలి చొరదు. పండ్రెండేండ్లు గడచిన పిదప మూత తీసిరి. అన్నియేండ్ల మలము గట్టిగా నిండియుండునని యెదురుచూచినవారికి కలకదేరిన నీరు, అడుగున కొంచెము మడ్డి కనబడినవి. మూరా ఆశ్చర్యపడి, శాస్త్రవిషయములను వ్రాయుటలో ప్రసిద్ధుడైన మొయిన్యో అను మతాచార్యునితో కలిసి 1881లో దానికి పేటెంటు పుచ్చుకొనెను. ఆ దేశమున రాత్రులందు గుంటలు తోడి జీవించు కూలివారుండెడివారు. వారి వృత్తినామమునే యంత్రమునకు పెట్టి, తనంత తాను తోడుకొనునది యని దానిని పిలిచిరి. ఇక మనుష్యుడు గుంటలోనికి దిగనక్కరలేదను వాగ్దానము ఆ పేరులో నున్నది. మా మేస్త్రి చెప్పిన మాటకు మూలపురుషుడు ఇతడే యని నా యభిప్రాయము.

వెసూల్ తొట్టిలో జరిగినదేమి? మూరాకు తెలియదు. తెలిసికొనుటకు సాధనము మాత్రము ఆ దేశమందే సిద్ధమగుచుండెను. 1861లో పాస్తర్ పండితుడు గాలి లేకయే జీవించు సూక్ష్మజీవులు కలవని కనుగొనెను. కొన్నింటికి గాలి తగులుటయే మరణము. మన కడుపులో నుండి మలముతో కూడ బయటికి వచ్చునవి ఇట్టివి కోట్లకొలది. వానికి చీకటి, తేమ, వెచ్చదనము, గాలి చొరని యిల్లు ఇచ్చినచో మలినమును తిని కొంత ద్రవముగను, కొంత వాయువుగను మార్చును. సెప్టిక్ ట్యాంకు అనగా ఆ జీవులకు కట్టియిచ్చిన యిల్లు. మనము వానిని తెచ్చి వేయనక్కరలేదు. పొట్లములలో పొడి అమ్మువారు ప్రతి వేసవిలో మా వీథికి వచ్చుచుందురు. ఆ పొడి కొనుట, కాకులను కొనితెచ్చి ఊరిలో వదలుట వంటిది.

ఈ యింటిలోని యేర్పాటు కొంచెము నిదానముగా చెప్పవలెను. తొట్టిలోనికి వచ్చిన మురుగు కదలక మెదలక ఇంచుమించు ఒక దినము నిలువవలెను. బియ్యము కడిగిన నీటిని గిన్నెలో ఉంచి చూచినచో నూక అడుగున చేరి, పొట్టు పైకి తేలి, నడుమ నీరు తేరును గదా. ఇక్కడను అంతియే. బరువైనది దిగి మడ్డి యగును. నూనెయు జిడ్డును తేలి తెట్టు కట్టును. నడుమనున్న తేట మాత్రము ముందునకు పోవలెను. అందుకే గొట్టముల కొనలు ఇంగ్లీషు టీ అక్షరమువలె నుండి తెట్టు క్రిందికి మునుగును. అందుకే తొట్టిని అడ్డుగోడతో రెండు గదులుగా చేయుదురు. మొదటి గదిలో అలజడి కలిగినను రెండవ గదిలోని నీరు నిశ్చలముగా నుండును. పొడవు వెడల్పునకు రెండు మొదలు నాలుగు రెట్లు ఉండవలెననుటకు కారణమును ఇదియే: నీరు త్రోవ నడచుచు బరువు దించుకొనుటకు. పైకి తెరచిన గాలిగొట్టము ద్వారమున వాయువులు పోవును.

ఇంతవరకు తొట్టి పని. తేరిన నీరు శుద్ధమైన నీరని మాత్రము భ్రమింపరాదు. కంటికి కొంచెము తేటగా నున్నను రోగబీజములు అందులో సజీవముగానే యుండును. వానిని చంపు పని నేల చేయవలెను. ఇంకుడుగుంటలో రాళ్లగుండ, ఇసుకగుండ మెల్లగా దిగునపుడు మన్నులో గాలిపీల్చి బ్రదుకు వేరొక జాతి సూక్ష్మజీవులు ఆ నీటికి సంస్కారము చేయును. తొట్టి సగము వైద్యము, నేల తక్కిన సగము. మన పట్టణములలో పెక్కండ్రు ఈ రెండవ సగమును దాటవేసి తూమును తిన్నగా వీథికాలువలో కలుపుదురు. వారు వైద్యుని పిలిచి నాడి చూపించి, మందు పుచ్చుకొనక పంపివేయువారు.

ఇక చరిత్రకు మరలెదను. ఇంగ్లండునందలి ఎక్సెటర్ నగరమున సర్వేయరుగా నుండిన డొనాల్డ్ కామెరాన్ 1895లో ఇట్టి తొట్టిని పెద్దది కట్టి, అనేక గృహముల మురుగును అందులోనికి మళ్లించి, దానికి సెప్టిక్ ట్యాంకు అను నామకరణము చేసెను. అందు పుట్టిన వాయువుతో అక్కడనే దీపములు వెలిగించెను. ఇట్టి ప్రయోగమే మన దేశమునందును త్వరలో జరిగినది. 1897 ప్రాంతమున బొంబాయిలోని మాటుంగా కుష్ఠరోగుల ఆశ్రమమున తొట్టినుండి వచ్చు వాయువును పట్టి యంత్రమును త్రిప్పిరి. ఊరు వెలివేసినవారి తావున, ఊరివారెల్లరు అసహ్యించుకొను వస్తువునుండి వెలుగు పుట్టినదను సంగతిని నేను బడిలో చెప్పినప్పుడెల్ల పిల్లలు నవ్వుట మానెడివారు.

కామెరాను తొట్టికి కీర్తి ప్రబలినది. పేటెంటు ధనము కొరకు అమెరికాలో వ్యాజ్యములు కూడ నడచినవి. తొట్టిలో వేసిన ఘనపదార్థమంతయు కరగిపోవునని ప్రచారము చేసినవారు పలువురు. ఇంగ్లండు ప్రభుత్వమువారు 1898లో మురుగును గూర్చి విచారించుటకు ఒక రాయల్ కమిషనును నియమించిరి. వారు ఏండ్లతరబడి కొలిచి, తూచి, 1908లో వెలువరించిన నివేదికలో ఆ ప్రచారమును త్రోసిపుచ్చిరి. మలినములో కొంతభాగమే జీర్ణమగును. మిగిలినది మడ్డియై నిలుచును. దానిని తీయక తప్పదు. ఇసుక, వెండ్రుకలు, నార, చచ్చిన సూక్ష్మజీవుల కళేబరములు ఏ జీవియు తినలేనివి. ఆ మడ్డి యేటేట పెరిగినకొలది నీరు నిలుచుటకు తావు తగ్గి, చివరకు దిగబడవలసినది దిగబడక తిన్నగా ఇంకుడుగుంటలోనికి పోయి మన్ను రంధ్రములను మూసివేయును. 2005లో నా యింట నీరు ఎగదన్నుటకు ఇదియే కారణము.

కమిషను నివేదిక పండితుల బీరువాలలో నిలిచినది. తనంత తాను తోడుకొనునను మాట మేస్త్రిల నోళ్లలో నిలిచినది. మన దేశమున భారతీయ ప్రమాణసంస్థవారు 1963లో గృహములకు తగిన సెప్టిక్ ట్యాంకును గూర్చి ప్రమాణము ప్రకటించిరి. పిదప దానిని సవరించిరి. వెడల్పు ముప్పాతిక మీటరుకు తగ్గరాదు. నీటిమట్టమునకు క్రింద లోతు ఒక మీటరుకు తగ్గరాదు. వేయి లీటర్లకు తక్కువ పట్టరాదు. ఐదుగురున్న ఇంటికి ఒకటిన్నర మీటరు పొడవు చాలును. ఇంకుడుగుంట త్రాగునీటి నూతికి పదునెనిమిది మీటర్ల లోపల ఉండరాదు. ఇది చదివిననాడు నేను కొలబద్ద పుచ్చుకొని పెరటిలోనికి పోయి కొలిచితిని. తొట్టికిని మా నూతికిని నడుమ ఏడు మీటర్లు! అంతియే కాదు, మడ్డి తోడిన పిదప చూడగా తొట్టి అడుగున సిమెంటు లేదు. నీరు త్వరగా ఇంకునని మేస్త్రి మేలు తలచియే అట్లు వదలెనట. మేము పదునొకండేండ్లు ఆ నూతినీరే త్రాగితిమి. నా కుమార్తెకు రెండుమారులు కామెర్లు వచ్చినప్పుడు పసరు పోయించితినే గాని నూతి తట్టు చూడలేదు. బ్రాడ్ స్ట్రీటు తల్లిని నిందింపకుండుటకు నాకు ఇంతకంటె కారణమేమి కావలెను?

మనము సెప్టిక్ ట్యాంకులని పిలుచువానిలో ఎన్నో ఇట్టి అడుగులేని గుంటలే. ఇల్లు కట్టించువారు తలుపుల చెక్కడమునకు పెట్టు శ్రద్ధలో పాతికవంతు మూత వేయకముందు ఆ గుంటలోనికి తొంగిచూచుటకు పెట్టినచో చాలును.

ఇప్పుడు నా శిష్యుడు ఆ రాత్రి గీసిన బొమ్మకు వచ్చెదను. గాలి లేక కుళ్లుచోట మీథేను, బొగ్గుపులుసు వాయువు, హైడ్రోజన్ సల్ఫైడు పుట్టును. మీథేను నిప్పు తగిలిన భగ్గున మండును. బొగ్గుపులుసు వాయువు గాలికంటె బరువు గనుక గుంటలో మడుగుకట్టి ఊపిరికి తావు లేకుండ జేయును. హైడ్రోజన్ సల్ఫైడు వీనిలో మిక్కిలి కపటమైనది. కుళ్లిన కోడిగ్రుడ్డు వాసనగా మొదట తెలియును. పదిలక్షల పాళ్ల గాలిలో నూరు పాళ్లకు చేరినపుడు ముక్కులోని నాడులు మొద్దుబారి ఆ వాసన తెలియకపోవును. దిగినవాడు వాసన తగ్గినది, ఇక భయము లేదనుకొనును. అంతకు కొన్ని రెట్లు పెరిగినచో కొన్ని ఊపిరులలో స్మృతి తప్పును. పైన కనబడని వాయువు కూడ మడ్డి క్రింద బుడగలుగా అణగియుండి, పార తగిలినప్పుడు ఒక్కుమ్మడి లేచును. కావున మూత తీసి గంటసేపు ఉంచితిమి గదా యని దిగుట ప్రమాదమే. దీపము దించి, అది ఆరలేదు గనుక గాలి మంచిదని చెప్పు పాతపద్ధతి మరింత ప్రమాదము. ప్రాణము తీయు విషవాయువున్నను దీపము ఆరకపోవచ్చును. మీథేనున్నచో ఆ దీపమే చిచ్చు పెట్టును.

ఈ గుంటలలో ఒకరి వెనుక నొకరుగా ఇద్దరు ముగ్గురు చనిపోవుట పత్రికలలో మీరు చదివియుందురు. మొదటివాడు పడగా వానిని ఎత్తుటకు అన్నయో, తోడివాడో, ఇంటి యజమానుడో దిగును. ఊపిరి బిగపట్టి దిగినవాడు బరువెత్తునపుడు ఊపిరి పీల్చక తప్పదు. రెండవవాని మరణమునకు హేతువు వాత్సల్యము. ఎవరైన లోపల పడినచో దిగకుడు. 101కి ఫోను చేసి అగ్నిమాపకదళమును పిలువుడు. నడుమునకు తాడున్నచో పైనుండియే లాగుడు. నా యింట నాడు తాడు లేనిచో నలుగురిలో ఒకరము దిగియుందుము. అది నేనే యగుదునని చెప్పుకొను ధైర్యము నాకు లేదు.

మూరా పేటెంటునాటి వాగ్దానమును చట్టమున చేర్చుటకు మన దేశమున మరియొక నూరేండ్లకు పైగా పట్టినది. చేతులతో మలమెత్తించు పనిని నిషేధించుచు 1993లో ఒక చట్టమైనది. కాగితము మీదనే చాలకాలముండెను. ఆంధ్రప్రదేశమున ఉన్నతోద్యోగము చేసి పేదల పక్షమున నిలిచిన ఎస్. ఆర్. శంకరన్‌గారును, కోలారు బంగారుగనుల పేటలో పాకిపని వారి కుటుంబమున పుట్టిన బెజవాడ విల్సన్‌గారును సఫాయి కర్మచారీ ఆందోళన్ అను ఉద్యమమును నడపినవారిలో ముఖ్యులు. ఆ సంస్థ 2003లో సుప్రీముకోర్టునకు ఎక్కినది. 2013లో క్రొత్త చట్టము వచ్చినది. తగిన రక్షణలు లేకుండ మనుష్యుని సెప్టిక్ ట్యాంకులోనికి దింపి శుభ్రపరపించుట ఆ చట్టముచే నేరము. మొదటి తప్పునకు రెండేండ్ల వరకు ఖైదు గాని, రెండులక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. 2014 మార్చి 27వ తేదీ తీర్పున మురుగుగుంటలలో మరణించినవారి కుటుంబమునకు పదిలక్షలు ఇయ్యవలెనని కోర్టువారు ఆదేశించిరి. 2023 అక్టోబరు 20వ తేదీన ఆ మొత్తమును ముప్పదిలక్షలు చేసిరి. మన వరంగల్లు నగరపాలకులు 2016లోనే సెప్టిక్ ట్యాంకుల మడ్డిని ఎట్లు తోడవలెనో, ఎక్కడ చేర్చవలెనో నిబంధనలు ఏర్పరచిరి. తోడినదానిని చీకటివేళ చెరువులో గాని, పొలము గట్టున గాని కుమ్మరించి పోయినచో వేరొకరి నూతికి గండము. బండివానిని ఎక్కడికి తీసికొనిపోదువని అడుగుట యజమానుని విధి.

ఇంటిలో మనము చేయవలసినది అల్పమే. రెండు మూడేండ్లకొక్కసారి, లేదా మడ్డి లోతు తొట్టి లోతులో మూడవ వంతునకు చేరినపుడు, గొట్టము వేసి పీల్చు బండిని పిలిపింపవలెను. అడుగున కొంచెము మడ్డి మిగిల్చినచో సూక్ష్మజీవులకు విత్తనముగా పనికివచ్చును. పెరుగు తోడు వంటిది. కడిగి, ఫినాయిలు పోసి మెరయజేయుట అవివేకము. ఆమ్లము, బ్లీచింగుపొడి బిందెలకొలది పోసినచో లోపలి కార్మికులు చత్తురు. నూనెలు, గుడ్డపీలికలు, ప్లాస్టిక్కు, పసిపిల్లల పొత్తిగుడ్డలు వేయరాదు. వాననీటి తూమును తొట్టిలోనికి మళ్లింపరాదు. ఒక్క కుండపోత వానకు తేరిన నీరంతయు కలతపడును. గాలిగొట్టము కొనకు సన్ననివల కట్టినచో దోమలు చేరవు. మూతపలక మీద గచ్చు చేసి, దానిపై తులసికోట కట్టినవారిని ఎరుగుదును. తోడించవలసినపుడు వారి ధర్మసంకటము వర్ణనాతీతము.

మడ్డిని కొలుచుటకు ఆరడుగుల వెదురుకర్ర చాలును. దాని క్రింది సగమునకు తెల్లని పాతతుండు చుట్టి, తూము ప్రక్కనున్న చిన్నమూత తీసి, ముఖము ఎడముగా నుంచి, నిప్పు దగ్గర లేకుండ జూచి, మెల్లగా అడుగుదాక దించి, కొన్ని నిమిషములాగి పైకి తీయవలెను. మడ్డి అంటినంతమేర నల్లగా కనబడును. మూతను వెంటనే మూయవలెను. పసిపిల్లలు తిరుగు పెరళ్లలో ఈ మాట మరువరాదు.

2006లో పాత గుంటను పూడ్పించి, నూతికి దూరముగా ప్రమాణము ప్రకారము క్రొత్తతొట్టి కట్టించితిని. పంచాంగము ప్రక్కనే ఒక నోటుపుస్తకముంచి అందులో మూడు గడులు గీసితిని: తోడించిన తేదీ, మడ్డి లోతు, వచ్చినవారి పేర్లు. పోయిన మాఘమాసమున కొలువగా మడ్డి జేనెడు లోతున్నది. వచ్చే యేడు బండిని పిలువవలెను. మొదటి వరుస 2005 నాటిది. అందులో తేదీ యొక్కటే యున్నది.